ఊరి రొదను పాటగా కట్టినాయన

ఈ వారం మన ఊరి కత కాదు, న్యూయార్కు కత. అయినా కడదాకా చదవండి.

స్టీవ్ రైక్ 1936లో న్యూయార్కులో పుట్టినాడు. శాన్‌ఫ్రాన్సిస్కో వీధిలో ప్రవచనం చెప్పే ఒకాయన గొంతును టేపులో పట్టి, 1965లో అదే ముక్కను రెండు యంత్రాల మీద తిప్పినాడు. రెండు యంత్రాలూ ఒకే వేగంతో పోవు గదా, ఒకటి పిసరంత ముందుకు జరిగింది. వినేకొద్దీ మాటే తాళమైపోయింది. చిన్న ముక్కను మళ్లీ మళ్లీ తిప్పి కట్టే ఇట్లాంటి సంగీతానికి మినిమలిజం అని పేరు.

ఊరి రొదను కచేరీలోకి తెచ్చింది ఈయనే మొదలు కాదు. 1913లోనే ఇటలీలో రుస్సోలో రొద చేసే పెట్టెలు కట్టాలని రాసినాడు, కట్టించినాడు కూడా. 1928లో గెర్ష్విన్ పారిస్ మీద కట్టిన కృతిలో టాక్సీ హారన్లు వాయించినారు. అయితే వాళ్లకు హారన్ ఒక అలంకారం. రైక్‌కు అదే శ్రుతి.

ఆయన 'సిటీ లైఫ్' 1995లో వచ్చింది. పద్దెనిమిది మంది వాయిస్తారు. వయొలిన్లు, ఫ్లూట్లు, పియానోలతోబాటు రెండు శాంప్లర్లు ఉంటాయి. మీట నొక్కితే కారు తలుపు దభీమంటుంది, బస్సు బ్రేకు బుస్సుమంటుంది. పునాది దిమ్మె దెబ్బలు, ఓడ కూతలు, గుండె చప్పుడు, అన్నీ ఉన్నాయి. మొదటి భాగంలో వీధి వ్యాపారి కేక, మూడో దాంట్లో ఊరేగింపులో నల్లజాతి వాళ్ల మాటలు. కడపటిది 1993 ఫిబ్రవరి 26న వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో బాంబు పేలిన రోజు అగ్నిమాపక సిబ్బంది రేడియోలో అనుకున్న మాటలు. ఆరుగురు చచ్చిపోయిన దినం అది. ఆ గొంతుల ఎత్తుపల్లాలనే వాద్యాలు పట్టుకొని పోతాయి. మన మృదంగం నేర్చేవాళ్లు జతిని ముందు నోటితో పలికి, తర్వాత చేత వాయిస్తారే, ఇంచుమించు అదే దారి.

ఇప్పుడు మన హోసూరు బస్టాండును తలుచుకోండి. 'కృష్ణగిరి, ధర్మపురి, సేలం' అని తమిళంలో కేక, అత్తిబెలె బస్సు పక్క కన్నడం, పూలమ్మే అక్క బేరం తెలుగు. ఈ కలగలుపును ఎవరు పట్టి ఉంచినారు? 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏడాదికో తరగతిగా పాకి 2015-16కు పదో తరగతి చేరింది. బడిలో తెలుగు తగ్గితే అక్షరమే కాదు, మొరసునాటి యాస సాగదీత, విరుపు కూడా తగ్గుతాయని నా భయం. అక్షరాన్ని పుస్తకం దాస్తుంది గాని, విరుపును దాయలేదు.

మీ ఇంట్లో అవ్వ ఉంటే, కోళ్లను పిలిచేటప్పుడో మనవణ్ణి తిట్టేటప్పుడో ఫోన్లో రెండు నిమిషాలు పట్టండి. ముందే చెబితే సర్దుకొని పుస్తకాల తెలుగు మాట్లాడుతుంది, కాబట్టి పట్టినాక అడగండి. ఆమె సరేనంటేనే సంఘానికి పంపండి. ఊరి పేరు, ఆమె వయసు రాయడం మరవొద్దు.