విచారణకు దగిన మనస్సు

నారాయణరావుపేటనుండి యొక రైతును నైజాము కాలమున సిద్దిపేట కచ్చేరికి గొనిపోయిరని యనుకొందము. 1880వ దశకమున పారసీకము తొలగి యుర్దూ యా రాజ్యమున న్యాయస్థానముల భాష యయ్యెను. రైతుకు దెలిసినది తెలుగు. తనపై మోపిన నేరమేదో, సాక్షి చెప్పినదేమో వానికి బోధపడదు. ఎదుట నిలువబెట్టినంతమాత్రమున నొకని విచారించినట్లగునా? మతిస్థిమితము లేని ముద్దాయి విషయమున బుట్టునదియు నీ ప్రశ్నయే.

మన పూర్వులు దీని నెఱుగనివారు కారు. ఉన్మత్తుడు, రోగార్తుడు, బాలుడు, భయపీడితుడు మొదలగువారు నడపిన వ్యవహారము చెల్లదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. ఇంగ్లండున 1836లో ప్రిచర్డు అను చెవిటిమూగవాని విచారణలో నీ సూత్రము స్పష్టరూపము దాల్చెను. వాడు విచారణక్రమమును గ్రహించి తన పక్షమును సమర్థించుకొనగలడా యని జూరీవారు తేల్చవలసియుండెను.

ఇచట రెండు ప్రశ్నలను వేఱుచేసి చూడవలెను. నేరము జరిగిననాడు వానికి దాను చేయుచున్నదేమో తెలియునా యనునది యొకటి. 1860నాటి శిక్షాస్మృతి 84వ సెక్షను దానికి సంబంధించినది. నేడు విచారణను గ్రహింపగలడా యనునది రెండవది. నాడు స్వస్థుడైనవాడు నేడున్మత్తుడు కావచ్చును. నాడున్మత్తుడైనవాడు నేడు కుదుటపడియుండవచ్చును. 1898నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 34వ అధ్యాయము వైద్యునిచే బరీక్ష చేయించి, ముద్దాయి యసమర్థుడని తేలినచో విచారణను నిలుపుమని విధించెను. ఆ కోడు 1951 ఏప్రిల్ 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రమునకు వర్తించెను. 2024 జూలై 1 నుండి యమలులోనున్న నాగరిక సురక్షా సంహితలో నీ విషయము 367వ సెక్షనుతో మొదలగుచున్నది.

మతి చక్కగ నున్నవానికైనను తోడులేనిచో నేమగునో తెలంగాణము చూచినది. రైతాంగపోరాటకాలమున 1949లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు కొందఱికి మరణశిక్ష విధించెను. తమకు వకీలు సాయము లభింపలేదని జనార్దనరెడ్డి మొదలగువారు సుప్రీంకోర్టున మొఱపెట్టుకొనిరి. ట్రిబ్యునలు వకీలును నియమించుటకు బూనుకొని యుండవలసినదని న్యాయమూర్తులు 1951లో నొప్పుకొనిరి; అయినను అంతమాత్రమున విచారణ రద్దుకాదని తీర్పుచెప్పిరి. పిదప నా మరణశిక్షలు యావజ్జీవశిక్షలుగా మారినవి. స్వస్థచిత్తులకే వకీలు లేక తమ మాట వినిపించుట యింత దుర్లభమైనపుడు, వకీలునకు దన కథ చెప్పుకొనలేని రోగి గతి యేమి?

అట్లని విచారణను నిలిపినంతనే న్యాయము జరిగినట్లు కాదు. అస్సామున మచాంగ్ లాలుంగ్ 1951లో నిర్బంధింపబడి 2005లో విడుదలయ్యెను. 1967లోనే వైద్యులు వానిని స్వస్థుడని చెప్పిరి. అయినను వానిని విడువక మఱియొక చెఱకు బంపిరి. 54 సంవత్సరములలో వాని విచారణ ముగియనేలేదు. రోగిని గాపాడుటకు బుట్టిన నియమమే, కాలవ్యవధి నడుగువాడు లేనందున, వానికి శిక్షయయ్యెను. కావున నిట్టివానిని నియతకాలమునకొకసారి పరీక్షించి, కుదుటపడినంతనే విచారించుటయు, విచారింపరానిచో జికిత్సకు బంపుటయు న్యాయస్థానముల విధి.

గృహస్థుల విధియు గొంత కలదు. ఇంటిలో నొకరికి మనోవ్యాధి యున్నచో దానిని గుట్టుగా దాచుట మన యలవాటు. ఆ మనుష్యుడే నేరారోపణకు లోనైననాడు, ఆ దాచినదియే వానికి శత్రువగును. వైద్యుని కాగితములను భద్రపఱచి, మొదటి దినముననే వకీలునకును న్యాయాధిపతికిని దెలుపవలెను. మానసికవ్యాధిగ్రస్తులకు ఖర్చులేని న్యాయసహాయము 1987నాటి చట్టమువలన హక్కుగా లభించుచున్నది. ఆ హక్కును రోగి తానై యడుగలేడు. వాని తరఫున నడుగవలసినవారము మనమే.