పాస్కల్ నుండి సైకిలు బ్రేకు వరకు

కొండదారిలో సైకిలుపై దిగువాని ప్రాణము రెండు వేళ్ళ ఒత్తిడిపై ఆధారపడి ఉండును. నేటి డిస్కు బ్రేకుల సైకిళ్ళు కొన్నింటిలో ఆ వేళ్ళకూ చక్రమునకూ నడుమ తీగ లేదు. సన్నని గొట్టము నిండ ద్రవమున్నది. అది మొరాయించినచో లోపమెచ్చట? పనిముట్లు చేతబట్టుటకు ముందు కొంత చరిత్ర తెలిసికొనుట మేలు.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ ద్రవములను గూర్చి వ్రాసిన గ్రంథము ఆయన మరణానంతరము 1663లో వెలువడినది. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము తగ్గక అన్ని దిక్కులకు ప్రసరించునని ఆయన సూత్రము. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా ఈ సూత్రముపైననే నడుచు ఒత్తిడి యంత్రమునకు పేటెంటు పొందినాడు. చిన్న పిస్టనుపై మోపిన కొద్ది బలము పెద్ద పిస్టను వద్ద మహాబలమైనది.

డిస్కు కథ వేరు. 1902లో ఆంగ్లేయుడు లాంచెస్టర్ దానికి పేటెంటు పొందినాడు. కాని రాగి పలకలు లోహపు బిళ్ళను రాచుకొని కీచుమని అరచెడివి. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు ద్రవపు బ్రేకులతో వచ్చినది. అవి డ్రమ్ము బ్రేకులు. 1953లో ఫ్రాన్సులోని లెమాన్స్ పందెములో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచి, వాటి సత్తాను లోకమునకు చాటినది. సైకిళ్ళలో ఇవి మొదట కొండదారుల వాటికి అమరినవి; రోడ్డు పందెములలో అంతర్జాతీయ సంఘము 2018లో పూర్తిగా అనుమతించినది.

ఇక మన ఇంటి పరీక్ష. ద్రవము కుంచించుకొనదు, గాలి కుంచించుకొనును. లీవరు మెత్తగా లోనికి పోయి, పలుమార్లు నొక్కినపుడు గట్టిపడినచో, గొట్టములో గాలి బుడగ చేరినదని అనుమానింపవలెను. దానిని తీసివేయుటే చికిత్స. అతుకులవద్ద తడి ఉన్నచో ద్రవము కారుచున్నది. లీవరు గట్టిగానే ఉండి, బ్రేకు అరచుచు పట్టు తప్పినచో, పలకలకు నూనె అంటియుండవచ్చును. బిళ్ళను స్పిరిటుతో తుడిచి, పలకలను మార్చవలెను. లాంచెస్టర్ నాటి అరపుకు కారణము వేరు. నేటి అరపు మనకు హెచ్చరిక.

రెండు జాగ్రత్తలు మరువరాదు. తయారీదారు చెప్పిన ద్రవమునే పోయవలెను. ఖనిజ తైలమునకు బదులు కారు బ్రేకు ద్రవము పోసినచో లోని రబ్బరు చెడును. చక్రము తీసియున్నపుడు లీవరు నొక్కరాదు. పిస్టనులు దగ్గరకు వచ్చి చక్రము మరల ఇమడదు. బాగుచేసిన పిదప సైకిలును నడిపించుకొనుచు బ్రేకు పరీక్షించి, పట్టు నిలిచినదని రూఢిపడిన పిమ్మటనే కొండదారి పట్టవలెను.