సారా పాట ఆగిన ఏడు

సారా ప్యాకెట్టు ఎట్టుంటాదో మీలో ఒక్కరికీ తెలీదు. తెలియకపోవడమే మేలు. అయితే ఎందుకు తెలీదో మాత్రం మీకు తెలియాల. ఆ పని మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది, మీ అవ్వల చేతుల మీదగా జరిగింది. మంటకి రవ్వంత దగ్గరగా జరగండి, చెప్తా.

మొదట్లో సారా పీపాల్లో వచ్చేది. గ్లాసుతో కొలిచి పోసేవోళ్లు. 1980ల్లో సర్కారే దాన్ని పాలిథిన్ సంచుల్లో నింపించి, వారుణి వాహిని అని పేరు పెట్టి అమ్మకానికి ఇచ్చింది. దాంతో ఊళ్ల తీరే మారిపోయింది. పీపా కాడికి మనిషి పోవాల, ప్యాకెట్టైతే మనిషి కాడికే వస్తాది. సైకిలుకి సంచి తగిలించుకుని కయ్యల గట్ల మీదికి, కూలి పంచే చెట్టు కిందికి, నావలు ఒడ్డుకొచ్చే తావుకి తెచ్చేవోళ్లు. డబ్బు లేకపోతే పద్దు రాసుకునేవోళ్లు. మూల పంటితో కొరకడం, గుటుక్కున తాగడం, ఖాళీది ఇసకలో పారేయడం. ఆ ఖాళీలు గాలికి కొట్టుకొచ్చి వలలకి చిక్కుకునేవి, మా చేపల గంపల్లో పడేవి. పిలకాయలు వాటిల్లో ఉప్పునీళ్లు నింపి, నోట్లో పెట్టుకుని, వాళ్ల నాయన తూలినట్టే తూలుతా ఆడుకునేవోళ్లు. మీ చిన్నాయన కూడా అట్ట ఆడినోడే. వాడి ఆట చూసి ముందు అందరం నవ్వినాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా.

నావ ఒడ్డుకొస్తే చేపకి వేలం, వేలమైతే వాటాలు. నావకి, వలకి పోగా మిగిలింది మనుషులకి. మీ తాత వాటా చేతిలో పడేసరికే అంగడోడు పద్దు పట్టుకుని పక్కన నిలబడి ఉండేవోడు. ఇంటికి వాసన తప్ప ఇంకేం వచ్చేది కాదు. ఇల్లు నడిపింది నా గంప. తెల్లారుజామున గంప నెత్తినెత్తుకుని లోతట్టు ఊళ్లకి పోయి, చేపలు అమ్మి బియ్యం తెస్తే పొయ్యి వెలిగేది. ఆ డబ్బు కూడా దాచుకోవాల్సి వచ్చేది. చూరులో పెట్టినా, బియ్యం కుండలో పెట్టినా ఎట్నో దొరికేది. ఇయ్యనంటే దెబ్బలు. నా ఒక్కదాని ఇల్లే ఇట్టుండేదని అనుకోబాకండి. పాలెంలో ఏ గుమ్మం తొక్కినా ఇదే కథ.

మీ తాత చెడ్డోడు కాదు. ఈ మాట నేను ఎప్పుడూ చెప్తా ఉంటా. రాత్రంతా నీళ్లలో ఉంటాం, చలికి ఒక్క ప్యాకెట్టు పడకపోతే చేతులు ఆడవు అనేవోడు. వేటకి పోయే మగోళ్లందరిదీ అదే మాట. అయితే ఆ వెచ్చదనం ఉత్త భ్రమ. తాగితే రక్తం చర్మం దగ్గరికి తేలి వస్తాదంట, అందుకే ఒళ్లు వెచ్చగా అనిపిస్తాదంట. లోపలి వేడి అంతా ఆ దోవనే బయటికి పోతాది. తడిబట్టలతో నడిసముద్రంలో ఉన్నోడికి అంతకంటే కీడు ఇంకోటి లేదు. ఆ రోజుల్లో మాకు ఈ సంగతి చెప్పినోళ్లు లేరు.

1991లో అక్షర దీపం వచ్చింది. జిల్లా అంతా పెద్దోళ్లకి చదువు. సర్కారోళ్లు, జన విజ్ఞాన వేదిక వాళ్లు, ఊళ్లల్లో చదువుకున్న కుర్రోళ్లు కలిసి చేసినారు. కళాజాత వాళ్లు వచ్చి డప్పు కొట్టి, పాటలు పాడి, నాటకాలు ఆడి జనాన్ని పోగేసేవోళ్లు. రాత్రి పనులైనాక లాంతరు కింద పలక పట్టుకుని కూర్చునేవాళ్లం. నాకు సంతకం వచ్చింది అక్కడే. అదొక్కటే కాదు. ఆడోళ్లం అందరం రాత్రిపూట ఒక్క తావున కూర్చుని మాట్లాడుకునే సందు అంతకుముందు మాకు ఎప్పుడు దొరికింది? బావి కాడ రెండు మాటలు, ఒడ్డున రెండు మాటలు, అంతే.

మా వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడుతో చితికిపోయిన ఇంటి కథ. అక్షరం అక్షరం కూడబలుక్కుంటా చదువుతా ఉంటే సగంలో ఒకామె ఏడుపు ఎత్తుకుంది. ఇంకొకామె లేచి, ఇది నా ఇంటి సంగతి, వీళ్లకి ఎవరు చెప్పినారు అని నిలదీసింది. ఆ రాత్రి పాఠం సాగలా, మాటలే సాగినాయి. చదువు చెప్పే పిల్లోడు తెలివైనోడు. వారానికి సారాకి ఎంత పోతా ఉందో ఎవరి ఇంటి లెక్క వాళ్లు పలక మీద వేయండమ్మా అన్నాడు. వేసినాం. కొత్తగా నేర్చిన అంకెలు మొదట దానికే వాడినాం. ఒకరి పలక ఒకరు చూసుకుని చాలాసేపు నోరెత్తలా.

అప్పుడే దూబగుంట సంగతి చెవిన పడింది. కలిగిరి మండలంలో మెట్ట ఊరు. అక్కడ చదువుకునే కాడికి తాగినోళ్లు వచ్చి అల్లరి చేసేవోళ్లంట. తాగి ఇద్దరు చెరువులో పడి చచ్చిపోయినారని కూడా చెప్పుకున్నారు. ఆడోళ్లందరూ కూడబలుక్కుని సారా ఊళ్లోకి రాకుండా అడ్డుకున్నారు, అంగడి మూయించినారు. ముందు నిలబడింది వర్ధినేని రోశమ్మ. రాష్ట్రమంతా ఆమెని దూబగుంట రోశమ్మ అనే పిలిచింది. పదవి ఉన్నామె కాదు, వెనకాల పెద్ద పార్టీ ఉన్నామె కాదు. వాళ్లు చేసిన పనే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అని మళ్లీ పాఠమై అక్షర దీపం పుస్తకంలోకి వచ్చింది. ఒక ఊరి ఆడోళ్లు చేసిన పని ఇంకో ఊరి ఆడోళ్లకి చదువైంది. ఊరి వెనక ఊరు లేవడానికి అసలు కారణం ఆ పాఠమేనని నేను ఎవరి ముందైనా చెప్తా.

మెట్టలో మొదలైంది 1992కల్లా మా ఒడ్డు దాకా వచ్చింది. మా పాలెంలోనూ చీపుర్లు పట్టినాం, కారప్పొడి కొంగున కట్టుకున్నాం. సారా జీపు వచ్చే దోవకి అడ్డంగా గంపలు పెట్టి కూర్చున్నాం. డ్రైవరు హారను కొడతానే ఉన్నాడు. మా అత్త లేచి పోయి బండి ముందు భాగం మీద చెయ్యి ఆనించి, “నాయనా, నీకూ ఇంట్లో అమ్మ ఉంటాది గదా, తిప్పుకుని పో” అనింది. అరవలా, తిట్టలా. ఇంజను వేడికి అరచెయ్యి ఎర్రగా కందిపోయింది, అయినా తీయలా. చివరికి బండి తిరిగింది. ఆ చేతికి వెన్న రాసింది నేనే.

ఇంటికి పోతే కొందరికి దెబ్బలు తప్పలా. కొన్ని ఇళ్లల్లో పొయ్యి వెలిగించకుండా కూర్చున్నాం. పాలెం పెద్దలు మొదట మా మాట వినలా. అంగడోడు ఇచ్చే డబ్బులో గుడికి కొంత వస్తా ఉండేది మరి. ఏ దేవుడు అడిగినాడు ఆ డబ్బు అని ముసలామెలే ఎదురు అడిగేసరికి, ఆ పెద్దలే కూర్చుని దురాయి, అంటే ఊరి కట్టుబాటు, వేసినారు. పాలెంలో సారా అమ్మినా, తెచ్చినా తప్పు కట్టాల. దురాయి మాట ఒడ్డున పుట్టినోడు ఎవడూ దాటలేడని మీకు తెలుసు.

కొన్ని ఊళ్లల్లో తాగినోళ్లకి గుండు కొట్టించి గాడిద మీద ఊరేగించినారు. అది నాకు అప్పుడూ నచ్చలా, ఇప్పుడూ నచ్చదు. నలుగురిలో తల వంచుకున్నోడు తాగుడు మానడు, చాటుకి పోతాడు.

నెల్లూరులో సారా పాట, అంటే సారా అమ్ముకునే హక్కుకి వేలం, పెట్టినప్పుడల్లా ఆడోళ్లు గుంపులుగా పోయి అడ్డం నిలబడినారు. వాయిదా వేసి ఇంకో తేదీ పెడితే మళ్లీ పోయినారు. ఈనాడు పేపరు ఈ ఉద్యమం వార్తలకి ప్రత్యేకంగా పేజీ ఇచ్చింది. 1993 ఏప్రిల్ 15 నుంచి మన జిల్లాలో సారా ఆగింది. ఆ ఏడే అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా ఆపినారు. అప్పుడు కోట్ల విజయభాస్కర రెడ్డి ముఖ్యమంత్రి. 1994 డిసెంబరులో గెలిచిన ఎన్టీ రామారావు ప్రమాణస్వీకారం చేసిన రోజే మద్యనిషేధం మీద సంతకం పెట్టినాడు, 1995 జనవరి 16 నుంచి బ్రాందీ, విస్కీ అన్నీ బందు. అది నిలవలా. 1997లో చంద్రబాబు నాయుడు సర్కారు సడలించింది. ఆదాయం పోతా ఉందన్నారు, దొంగసరుకు ఆగడం లేదన్నారు. సారా అంగడి మాత్రం మళ్లీ తెరవలా. ఆ సారా డబ్బు మిగిలినాక ఆడోళ్లం రోజుకి రూపాయి చొప్పున కూడబెట్టినాం, అదే పొదుపులక్ష్మి. ఇవాళ మీ అమ్మలు పోయే డ్వాక్రా సంఘాలకి ఊపిరి పోసింది ఆ రూపాయే.

మీ తాత మానిన తీరు కూడా వినాల మీరు. సారా దొరక్కుండా పోయిన రెండో రోజు నుంచి చేతులు వణకడం, ఒళ్లంతా చెమటలు. రాత్రి గోడ మీద ఏదో పాకుతా ఉందని కేకలు. దెయ్యం పట్టింది, తాయెత్తు కట్టించు అన్నారు. నేను ఆస్పత్రికి తీసుకుపోయినా. అక్కడ డాక్టరమ్మ చెప్పింది. ఏళ్ల తరబడి రోజూ తాగినోడు ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు తిరగబడతాది, ఫిట్సు వస్తాయి, ప్రాణాల మీదకి కూడా వస్తాది, మందులిచ్చి కనిపెట్టుకుని మాన్పించాల అనింది. మా వీధిలోనే ఇంకొకాయన ఇట్నే వణికి వణికి పోయినాడు. ఆయనకి తాయెత్తే కట్టినారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోతాది.

బతికి వచ్చినాక మీ తాతకి కష్టమంతా పొద్దు గూకే వేళే. ఆ గంట దాటితే చాలు, రాత్రి గడిచిపోయేది. అందుకని ఆ వేళకి చేతిలో చిరిగిన వల పెట్టేదాన్ని, పక్కన చెంబుతో మజ్జిగ. తాగే జతగాళ్లు పిలిస్తే నేనే వాకిట్లోకి పోయి, ఆయన వల బాగుచేస్తా ఉండాడు అని చెప్పి పంపేదాన్ని. రెండు మూడు సార్లు మళ్లీ తాగి వచ్చినాడు. నేను తిట్టలా. పొద్దున లేచినాక మళ్లీ వల చేతికిచ్చినా. పోను పోను అన్నం నోటికి రుచించడం మొదలైంది, ముఖంలో ఉబ్బు తగ్గింది, నిద్ర కుదిరింది.

ఇంక మీ సంగతి. బీరే గదా అవ్వా అంటారు మీరు. నర్సింగు చదివిన మీ అక్క నాకు లెక్క కట్టి చూపించింది. 8 శాతం ఆల్కహాలు ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒకటి తాగితే, 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులు రెండు తాగినట్టే. ఇంత తాగితే ఏం కాదు అని చెప్పడానికి హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిందంట. లివరుకే కాదు, నోటికి, గొంతుకి, ఆడోళ్ల రొమ్ముకి క్యాన్సరు తెచ్చే వాటిల్లో మద్యం ఒకటంట. అట్టయితే ఎంత తగ్గిస్తే అంత మేలే గదా.

మాకు ఎదురుగా ఒక అంగడి ఉండింది, ఒక జీపు ఉండింది, అడ్డం కూర్చుంటే ఆగింది. మీ సీసా మీరే డబ్బిచ్చి, మీ సంచిలోనే ఇంటికి తెస్తా ఉండారు. దాన్ని ఆపడానికి ఏ అవ్వా దోవలో కూర్చోలేదు. కాబట్టి నేను అడిగేది ఇదీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేతిలో పని లేక మన పాలెం ఎక్కువగా తాగేది ఆ రోజుల్లోనే. ఈసారి వేట ఆగిన రోజు నుంచే తగ్గించండి. శనివారాలు మాత్రమే తాగేవోళ్లు ఇంట్లో సీసా పెట్టుకోబాకండి, నెల నెలా ఎంత పోతా ఉందో మీ పెళ్లాలతో కూర్చుని రాయండి. రోజూ తాగేవోళ్లు మాత్రం పంతానికి పోయి ఒక్కసారిగా ఆపబాకండి, ముందు డాక్టరుకి చూపించుకోండి. 14446కి ఫోను చేస్తే ఊరికే సలహా చెప్తారంట. ఒంటరిగా పోవడానికి మొహమాటమైతే నాకు చెప్పండి. ఎవరి జత అయినా ఆస్పత్రికి నేను వస్తా.