పాత పడవకు ఏ మేకు?

వేంసూరు చెరువులలో తిరుగు పాత అల్యూమినియము చేపల పడవకు మేకులు మార్చదలచినవారు ఆంగ్ల యుద్ధనౌక ‘అలార్మ్’ కథ వినవలెను. కొయ్యను తొలుచు పురుగులకు వెరచి 1761లో దాని అడుగుకు రాగిరేకులు తొడిగినారు. 1763లో చూడగా రాగి బాగుగనే యున్నది. ఇనుప మేకులే చాలవరకు తినివేయబడినవి. రేకులు చుట్టి తెచ్చిన కాగితము నడుమ మిగిలిన చోట మాత్రము ఇనుము చెడలేదు.

తడిలో రెండు లోహములు తాకినచో విద్యుద్ఘట మేర్పడి, చురుకైన లోహము కరగును. 1824లో హంఫ్రీ డేవీ జింకు, ఇనుప ముక్కలను బలిపెట్టి రాగిని కాపాడినాడు. కాని రాగి కరగకపోవుటచే నౌకలకు నాచు, గుల్లలు పట్టినవి!

అల్యూమినియము ఇనుముకన్న చురుకైనది. ఆక్సైడు పొర కవచమే గాని, రాగి మేకు ప్రక్కన నిలువదు. చెరువునీటిలో నష్టము మెల్లగా జరుగును, అంతే. కనుక అల్యూమినియము రివెట్లే వేయవలెను. ఉక్కు బోల్టు తప్పనిచో నడుమ రబ్బరు బిళ్ళ యుండవలెను. ‘అలార్మ్’లో ఆ పని చేసినది పొట్లపు కాగితము.