తెనాలి రంగస్థలపు కాగితములు

మద్రాసునుండి బెజవాడకు పోవు రైలుమార్గముపై, కృష్ణ కాలువల నడుమ నెలకొన్న మా తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని లోకము పిలుచుటలో పద్యనాటకము పాలు చిన్నది కాదు. పంటలు గాదెలకు చేరిన పిదప చుట్టుప్రక్కల గ్రామములవారు బండ్లు కట్టుకొనివచ్చి, నేలటిక్కెట్టు కొని, తెలతెలవాఱువరకు శ్రీకృష్ణ రాయబారమును విన్న ఆ రాత్రులకు నేడు సాక్ష్యముగా మిగిలినవి కొన్ని కరపత్రములు, గ్రామఫోను ప్లేట్లు, నటుల చేతులలో నలిగిన నాటక ప్రతులు. ఊరి చరిత్ర వ్రాయ సంకల్పించినవానికి ఇంతకంటె విలువైన దస్తావేజులు వేఱొకచోట దొరకవని నా దృఢవిశ్వాసము.

1902లో బాపట్లయందు జన్మించిన స్థానం నరసింహారావుగారు ఇచ్చటి శ్రీరామవిలాస సభలో చేరి, మాధవపెద్ది వెంకట్రామయ్యగారి వంటి ఉద్దండుల సరసన స్త్రీపాత్రలు ధరించి ఆంధ్రదేశమునెల్ల ముగ్ధము గావించిరి. ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణ తులాభారమున సత్యభామ పాటను తామే రచించి చేర్చి, వన్స్‌మోర్ కేక లేచినప్పుడెల్ల దానిని క్రొత్త అభినయముతో ప్రదర్శించిన మహానటుడాయన.

నాయొద్దనున్న కరపత్రములలో నొకటి పసుపుపచ్చని పలుచని కాగితముపై అచ్చయినది. పెద్ద అక్షరములలో నాటకము పేరు, దాని దిగువ పాత్రధారుల వరుస, అటుపిమ్మట కుర్చీ, బెంచి, నేల రేట్లు, స్త్రీలకు ప్రత్యేక వసతి కలదను హామీ. వారమును తేదీయు కలవు గాని సంవత్సరము లేదు. ఎల్లుండి ఆటకు పిలుచు కాగితమునకు సంవత్సరముతో నేమి పని? అందుచేత పాత పంచాంగములు ముందుంచుకొని, ఆ తేదీ ఆ వారమున పడిన ఏండ్లను ఏఱి, నటుల పేర్లతో సరిచూడవలసి యుండును. స్థానంవారి పేరునకు ముందు ‘పద్మశ్రీ’ కనిపించెనా, ఆ కాగితము 1956కు పూర్వపుది కాదని నిశ్చయింపవచ్చును. ముద్రితమైన ప్రతి కాగితముపైనను ముద్రాపకుని పేరు, స్థలము ఉండవలెనని 1867 నాటి చట్టము విధించుటచే, అట్టడుగున చీమతలకాయలంత అక్షరములలో అచ్చుకూటము పేరు దొరకును. ఊరి అచ్చుకూటముల చరిత్రకు ఆ ఒక్క పంక్తియే పలుచోట్ల ఆధారము.

ప్లేట్ల సంగతి వేఱు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల ప్లేటు ఒక ప్రక్కన ఇంచుమించు మూడు నిమిషములే పాడును. రంగస్థలముపై నటుడు పద్యాంతమున రాగమెత్తుకొనగా హార్మోనిస్టు దానినందుకొని, ఇరువురును ఒకరినొకరు మించ జూచుచు సభను ఊగించెడివారు. ప్లేటులో ఆ రాగము కుదించుకొనిపోయి పద్యము పరుగెత్తును. కంఠము నిజమే, కాలము మాత్రము కంపెనీది. కనుకనే, ప్లేట్లకై ఎంత సొమ్మైనను వెచ్చించు మిత్రులు హార్మోనిస్టుల పాత ప్రతులను కన్నెత్తి చూడకుండుట నాకు బాధాకరము. అట్టి ప్రతి యొకటి నాకడ కలదు. రాయబార ఘట్టమున ఒక పద్యము ప్రక్కన పెన్సిలుతో ‘మోహన’ అని వ్రాసి, కొట్టివేసి, ‘కాంభోజి’ అని దిద్దబడియున్నది. దానికి దిగువ ‘ఇచట నిలుపు, చప్పట్లు’ అని గుర్తు. పుట మూలన అర్దళపు వ్రేలిముద్ర. వేషము వేసికొనుచునే ఎవరో పద్యమును నెమరువేసికొనిరన్నమాట. ఏ ప్లేటును ఇంతటి వార్తను మనకు చెప్పదు.

పెద్దవారు గతించిన ఇండ్లలో పెట్టెలు దులుపునపుడు అట్టలు గల పుస్తకములు బీరువా చేరుచున్నవి. అట్టలూడిన ప్రతులు, మడతపడిన కరపత్రములు పాతకాగితముల కొట్టునకు తూకముపై పోవుచున్నవి. మా పురజనులను నేను కోరునది ఇంతే: అమ్మవద్దు, మడతలపై అంటుకాగితము అతికింపవద్దు, అంచులు కత్తిరింపవద్దు. ఒక్క దినము చూడనిచ్చినచో, అంచులలోని వ్రాతతో సహా నకలు దించుకొని, మూలమును వారి యింటికే చేర్చెదను.