కిటికీ మీద కిటికీ

కంప్యూటరు తెరకు డెస్క్‌టాప్ అని పేరు పెట్టినవారి మనసులో ఉన్నది అమెరికా కచేరీలోని గుమాస్తా. ఆయన ముందు విశాలమైన బల్ల, దాని మీద కాగితాలు, పక్కన అలమర, కాళ్ల దగ్గర చెత్తబుట్ట. మా ఖమ్మం మన్యం అంచున లెక్కలు రాసినవారికి ఆ బల్ల లేదు. గోదావరికి దక్షిణపు ఒడ్డు నైజాము ఇలాకా, భద్రాచలం వైపు ఒడ్డు మద్రాసు ఇలాకా. అక్కడ పట్వారీ, ఇక్కడ కరణం. ఇద్దరూ చాప మీద కూర్చుని, ఎదుట ఏటవాలు పెట్టె ఒకటి పెట్టుకొని రాసినవారే. కాగితాలను గుడ్డలో చుట్టి ముడివేస్తే అది దస్త్రం. ముడి విప్పడం, పని చూసుకోవడం, మళ్లీ కట్టి పెట్టడం. పరచి వదిలేయడానికి చోటే ఉండేది కాదు.

1984 జనవరి 6న ఆర్డినెన్సు ద్వారా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం, పట్వారీ మొదలైన గ్రామాధికారుల ఉద్యోగాలను రద్దు చేసింది. అదే నెల 24న అమెరికాలో ఆపిల్ వారి మెకింటోష్ విడుదలయింది. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. అయితే ఉద్యోగం పోయినా మాట మాత్రం మిగిలింది. తెలుగు వికీపీడియాలో ఫైలుకు పెట్టుకున్న పేరు దస్త్రమే. బల్ల మాత్రం వారిది. ఆ బల్ల మీద కాగితాలు ఒకదానిపై ఒకటి ఎలా వచ్చిపడ్డాయో, దానికి ఎవరెవరు ఎంత వెల చెల్లించారో, తెలుగు రాయబూనిన మనకు అందులో ఏ మూల చోటు దొరికిందో చెప్పడానికే ఈ వ్యాసం.

కథ 1973లో జెరాక్సు కంపెనీ వారి పాలో ఆల్టో పరిశోధనశాలలో మొదలవుతుంది. ఆల్టో అనే కంప్యూటరు అక్కడ పుట్టింది. దాని తెర నిలువుగా, కాగితం ఆకారంలో ఉండేది: అడ్డంగా 606 చుక్కలు, నిలువుగా 808. మొత్తం 4,89,648 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క బిట్టు చొప్పున లెక్కవేస్తే తెరకే దాదాపు 60 కిలోబైట్లు కావాలి. యంత్రం మొత్తం జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు. అంటే బొమ్మ చూపడానికే సగం ఖర్చు! ఇంత చేసినా తెర మీద పట్టేది ఒక్క కాగితం. పని చేసేవారికి ఒకేసారి నాలుగైదు కావాలి. అలన్ కే బృందం చూపిన ఉపాయం సులువైనది. కాగితాలను ఒకదాని మీద ఒకటి పడనివ్వండి. అంచు కనబడుతున్న దానిని మౌసుతో తాకితే అది పైకి వస్తుంది. వారి స్మాల్‌టాక్‌లో ఈ కిటికీలు కదలడానికి డాన్ ఇంగాల్స్ ఒక ప్రక్రియను రూపొందించాడు. తెర మీది దీర్ఘచతురస్రాకారపు ముక్కను ఒక చోటి నుండి మరొక చోటికి వేగంగా మోసుకుపోయే ఆ ప్రక్రియ పేరు బిట్‌బ్లిట్.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నిజమైన బల్ల మీద పై కాగితం తీస్తే అడుగు కాగితం ఉంటుంది. తెర మీద అడుగు అనేదే లేదు. పై కిటికీ గీసిన మరుక్షణం కింది చుక్కలు చెరిగిపోతాయి. కాబట్టి పైది తొలగినప్పుడు, కింద ఏమున్నదో ఎక్కడో దాచి ఉంచి తెచ్చిపెట్టాలి, లేదా మళ్లీ గీయాలి. దాచడానికి జ్ఞాపకశక్తి చాలదు. మెకింటోష్ తెర 512 అడ్డం, 342 నిలువు; అందుకే 22 కిలోబైట్లు పోతాయి, ఉన్నది 128. ఇక మళ్లీ గీయడమే గతి. అయితే ఎంత మేర గీయాలి? మూడు కాగితాలు అడ్డదిడ్డంగా పడి ఉన్నప్పుడు అట్టడుగు కాగితంలో కనబడే భాగం నలుచదరంగా ఉండదు, మెట్లమెట్లుగా విరిగి ఉంటుంది. ఆ విరిగిన ఆకారాన్ని తక్కువ చోటులో రాసిపెట్టుకొని, అంతవరకే, బయట ఒక్క చుక్క పడకుండా గీయగలగాలి.

ఈ లెక్కను తేల్చినవాడు ఆపిల్ ఉద్యోగి బిల్ అట్కిన్సన్. 1979లో జెరాక్సు వారు తమ పరిశోధనశాలను ఆపిల్ బృందానికి చూపించినప్పుడు ఆయనా వెళ్లాడు. అక్కడ సగం కప్పబడిన కిటికీలు తమంతట తాము తిరిగి గీసుకోవడం చూశానని ఆయన నమ్మకం. వారు చేయగలిగారు కదా, మార్గం ఉండే ఉంటుందన్న ధీమాతో తిరిగివచ్చి కూర్చుని సాధించాడు. రీజియన్లు అని దానికి పేరు. 1983 జనవరిలో వెలువడిన లీసాలోనూ, మరుసటి ఏటి మెకింటోష్‌లోనూ ఉన్నది అదే. తీరా తరువాత తెలిసినదేమిటంటే జెరాక్సు వారి యంత్రం ఆ పని చేసేదే కాదు! లేనిదానిని చూశాననుకొని, ఉన్నదానిగా చేసిపెట్టాడన్నమాట. 2025 జూన్‌లో అట్కిన్సన్ మరణించినప్పుడు పత్రికలు ఈ సంగతిని మళ్లీ గుర్తు చేసుకున్నాయి. కంప్యూటరు చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన కథ ఇదే.

జెరాక్సు మాత్రం తన సొంత బిడ్డను నమ్మలేదు. 1981లో ఆ కంపెనీ అమ్మకానికి పెట్టిన స్టార్ యంత్రంలో దస్త్రాల కిటికీలు ఒకదానిపై ఒకటి పడవు, పక్కపక్కనే పలకల్లా అమరుతాయి. దానికి వారు చెప్పిన కారణం ఆలోచించదగినది. ముందు జరిపిన పరీక్షలలో, ఒకదానిపై ఒకటి పడే కిటికీలు ఇస్తే జనం వాటిని జరపడంలోనే చాలా కాలం గడుపుతున్నారట. జరిపి జరిపి చివరకు ఒకదానిపై ఒకటి పడకుండా పేర్చుకుంటున్నారట. ఎలాగూ చేసేది అదే అయితే యంత్రమే చేసిపెడితే పోలేదా అని వారి వాదం.

దీనికి ఎదురు సాక్ష్యం 1983లో థామస్ మలోన్ అనే పరిశోధకుడి వ్యాసంలో ఉన్నది. కచేరీలలో మనుషులు తమ బల్లలను ఎలా సర్దుకుంటారో ఆయన వెళ్లి చూసి రాశాడు. కొందరు వర్గాలుగా విడదీసి అరలలో పెడతారు, కొందరు కుప్పలు పోస్తారు. కుప్పలు పోసేవారిని బద్ధకస్తులని కొట్టివేయలేదాయన. ఎదుట పడి ఉన్న కాగితం చేయవలసిన పనిని గుర్తు చేస్తూ ఉంటుందని, అరలోకి వెళ్లిన కాగితం ఆ పని చేయదని ఆయన గమనించాడు. చిందరవందర కూడా ఒక జ్ఞాపకశక్తి అన్నమాట. మా ఇంట్లో పెద్దలు వాసాలలో ఉత్తరాలు గుచ్చి పెట్టేవారు. అదీ ఈ కోవలోనిదే.

ఒక పిడకల వేట. 1970లలో జెరాక్సు వారి ఊహల నిండా కాగితం లేని కచేరీ. 1979లో, ఆపిల్ బృందం ఆ ప్రయోగశాలకు వెళ్లిన ఏడాదిలోనే, భద్రాచలానికి ఎదుటి ఒడ్డున సారపాకలో భద్రాచలం పేపర్‌బోర్డ్స్ కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. 2002లో అది మాతృసంస్థ ఐటీసీలో కలిసిపోయింది. దాని కోసం ఖమ్మం జిల్లా పొడుగునా పొలాలలో జామాయిల్ తోటలు లేచాయి. కాగితం తెర మీదికి ఎక్కుతున్న కొద్దీ మా వైపు చెట్టు కాగితమవుతూనే వచ్చింది. తిరిగి అసలు దారిలోకి.

మైక్రోసాఫ్ట్ వారి విండోస్ మొదటి రూపు 1985 నవంబరులో వచ్చింది. జెరాక్సు నుండి వెళ్లిన స్కాట్ మెక్‌గ్రెగర్ ఆ బృందానికి నాయకత్వం వహించాడు. అందులోనూ కిటికీలు పలకలే. కొత్తది తెరిస్తే ఉన్నవి కుంచించుకొని చోటిస్తాయి. 1987 చివర వచ్చిన రెండవ రూపులో అవి ఒకదానిపై ఒకటి పడసాగాయి. 1988 మార్చిలో ఆపిల్ దావా వేసింది. వివాదాంశాలు 189 ఉండగా వాటిలో 179 ఆపిల్ తానే 1985లో ఇచ్చిన అనుమతి కిందికి వస్తాయని న్యాయస్థానం తేల్చింది. 1994లో అప్పీలులోనూ ఆపిల్ ఓడిపోయింది. ఇంత బలం లేని డిజిటల్ రీసెర్చ్ కంపెనీ మాత్రం అంతకు ముందే తలవంచింది. ఆపిల్ హెచ్చరిక తరువాత దాని జెమ్ వ్యవస్థలో దస్త్రాలు చూపే తెర రెండు కదలని కిటికీలకు పరిమితమయింది. కాగితం మీద కాగితం పడవచ్చునా అని న్యాయవాదులు ఏళ్ల తరబడి వాదించుకున్నారంటే నవ్వు వస్తుంది గాని, ఆ తగవులో ఒక కంపెనీ తలవంచవలసి వచ్చింది.

ఇదంతా ఇరుకు తెర తెచ్చిన తంటా. ఆ రోజులలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉన్న మన తెలుగువారు, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి, ఆయన సహచరులు సొంత కంప్యూటరుకు ఒక కొలత చెప్పారు: దశలక్ష బైట్ల జ్ఞాపకం, సెకనుకు దశలక్ష ఆదేశాలు, తెర మీద దశలక్ష చుక్కలు. మూడవ దశలక్షలో ఉన్నది ఈ బల్ల వైశాల్యమే.

బల్లను పెంచడం కుదరకపోతే గదులు పెంచమన్నారు ఆస్టిన్ హెండర్సన్, స్టూవర్ట్ కార్డ్. 1986లో వారు ప్రచురించిన వ్యాసంలోని పోలిక నన్ను చాలాకాలం వదలలేదు. జ్ఞాపకశక్తి చాలని యంత్రం డిస్కు నుండి తెస్తూ, పెడుతూ, అసలు పని చేయకుండా గిజగిజలాడుతుంది. చోటు చాలని తెర ముందు మనిషి కూడా అంతే. కావలసిన కిటికీని పైకి తెస్తాడు, దానితో మరొకటి మరుగున పడుతుంది, దానిని తెస్తాడు. ఒక్కొక్క పనికి కావలసిన కిటికీల గుంపును ఒక్కొక్క గదిలో పెట్టి, గదికీ గదికీ మధ్య తలుపులు పెట్టడం వారి పరిష్కారం. విండోస్‌లో ఆ సదుపాయం స్వతస్సిద్ధంగా రావడానికి 2015 దాకా ఆగవలసి వచ్చింది. అప్పటికి ఆ కంపెనీ అధిపతి హైదరాబాదు నుండి వెళ్లిన సత్య నాదెళ్ల.

ఆ గిజగిజ ఎలా ఉంటుందో నేను 1998 ప్రాంతంలో ఖమ్మంలో ఒక డీటీపీ కొట్టులో చూశాను. 16 మెగాబైట్ల జ్ఞాపకం, 14 అంగుళాల తెర, 800 అడ్డం, 600 నిలువు. లెక్కవేయండి: 4,80,000 చుక్కలు. పాతికేళ్ల కిందటి ఆల్టో కన్నా తక్కువే! రంగులు ఉన్నాయన్నది నిజమే. ఆ జాగాలో పేజ్‌మేకర్‌లో పెళ్లి పత్రిక, దాని వెనక శ్రీరామనవమి కరపత్రం, దాని వెనక ఎవరిదో మిర్చి కమీషను కొట్టు రసీదు పుస్తకం. ఎదుట బల్ల మీద కూర్చున్న పెద్దాయన "మా పత్రిక ఎటుపోయింది బాబూ, ఇందాక ఇక్కడనే ఉండె గదా?" అనేవారు. "కింద ఉన్నదండీ, పైకి తీస్తాను" అని మేము. కింద ఏమీ లేదని, ఉన్నట్టు మళ్లీ గీస్తున్నదని మాకు మాత్రం ఏం తెలుసు? కరెంటు పోతే అన్ని కిటికీలూ ఒక్కసారే పోయేవి. చేతిరాత కాగితం మాత్రం బల్ల మీదనే ఉండేది.

అప్పటి తెలుగుకు మరొక ఇబ్బంది. అది ఏ కిటికీలో పుట్టిందో ఆ కిటికీ దాటితే బతికేది కాదు. అక్షరాలు ఖతికి అంటుకొని ఉండేవి. పక్క కిటికీలోకి తీసుకుపోతే ఇంగ్లీషు అక్షరాల చెత్తగా రాలిపడేవి. తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991లోనే దొరికింది గాని, దానిని సరిగా గీసి చూపే విండోస్ ఎక్స్‌పీ 2001లో గాని రాలేదు. వచ్చినా తెలుగు కీబోర్డు అమరికను తెరిచిపెట్టుకోవాలి. సెట్టింగులు ముట్టుకోనివ్వని నెట్ సెంటరులో అది అయ్యే పని కాదు.

2006లో వీవెన్ గారి లేఖిని వచ్చిన తరువాత మనమంతా ఎలా రాశామో బ్లాగ్మిత్రులకు చెప్పనక్కర లేదు. ఒక కిటికీలో లేఖిని. మరొక కిటికీలో టపా. లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టడం, తెలుగయిన దానిని ఎత్తడం, రెండవ కిటికీకి పోవడం, దించడం, అచ్చుతప్పు కనబడితే వెనక్కు రావడం. ఆల్టో నాటి కిటికీలు పుట్టినది ఒకటికి మించిన కాగితాలతో ఒకేసారి పని చేయడానికే కనుక మనం వాటిని వాటి జన్మప్రయోజనానికే వాడుకున్నాం. ఇంగ్లీషులో రాసేవానికి ఒక కిటికీ చాలేది. మనకు రెండు కావాలి. ఆ రెండవ కిటికీని చిందరవందర అనడానికి నాకు నోరు రాదు. యంత్రంలో మన భాషకు అప్పటికి దొరికిన స్థలం అదొక్కటే.

భద్రాచలంలో ఒక నెట్ సెంటరులో ఈ పని చేస్తూ నేను కనిపెట్టిన సౌకర్యం ఒకటుంది. టాస్క్‌బారు మీద ఖాళీ చోట మౌసు కుడిమీట నొక్కితే వచ్చే జాబితాలో కిటికీలను పలకల్లా పరచమనే ఆదేశం ఉండేది. నొక్కగానే పై సగం లేఖిని, కింది సగం టపా. 1985లో మైక్రోసాఫ్ట్ మొదలుపెట్టి రెండేళ్లకే పక్కన పెట్టిన అమరిక, స్టార్ యంత్రం రూపకర్తలు మనుషులు చివరకు చేసేది ఇదే అన్న అమరిక, ఇరవై ఏళ్లుగా ఆ మూల జాబితాలో దాక్కొని ఉన్నది. గంటకింతని రూపాయలు కట్టి కూర్చున్నప్పుడు, కిటికీలు జరపడంలో పోయే నిమిషాల విలువ ఏమిటో స్టార్ పరీక్షలకు వచ్చినవారికన్నా మాకే బాగా తెలుసు.

ఆ తరువాత తెలుగు తాను రాయవలసిన చోటికే వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఫోనులో కూడా ఏ పెట్టెలో వేలు పెడితే ఆ పెట్టెలోనే తెలుగు పడుతుంది. 2021లో వచ్చిన విండోస్ 11లో టాస్క్‌బారును కొత్తగా రాసినప్పుడు ఆ పలకల ఆదేశాన్ని జాబితా నుండి తీసివేశారు. అది పోయిన సంగతి నాకు తెలిసినది కూడా ఈ వ్యాసం కోసం వెతికినప్పుడే.