నాచారమున 43 పనిదినములు

నేడు మనము బొమ్మను పట్టిన మరుక్షణమే దానిని చూచుకొనుచున్నాము; నచ్చనిచో తుడిచివేసి మరల పట్టుచున్నాము. రచన, చిత్రీకరణము, కూర్పు అను దశలు వీడియో వచ్చిన పిమ్మట ఒకదానిలో నొకటి కలిసిపోయినవి. ఉప్పల్ నుండి నాచారము పోవునప్పుడెల్ల మాకు వేరొక కాలము స్మరణకు వచ్చును. తప్పును తుడుచుటకు వీలులేని ఫిలిముపై దాదాపు నాలుగు గంటల చిత్రమొకటి, అధికభాగము ఈ నాచారముననే, 43 పనిదినములలో చిత్రీకరింపబడినది. అది నందమూరి తారక రామారావుగారి ‘దాన వీర శూర కర్ణ’.

తెలుగు చిత్రమునకు సొంతయిల్లు ఆలస్యముగా అమరినది. తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో బొంబాయి నుండి వచ్చినది. రాజమహేంద్రవరమున 1936లో దుర్గా సినీటోను వెలసినను, పరిశ్రమ చెన్నపట్టణముననే స్థిరపడెను. హైదరాబాదు సారథీ స్టూడియోలో తయారైన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959 నాటిది. 1976లో బంజారా హిల్సున అన్నపూర్ణా, నాచారమున రామారావుగారి రామకృష్ణా స్టూడియోలు నెలకొన్నవి.

ఆనాటి పనితీరు కొంత తెలిసికొనదగినది. కెమేరాలో తిరిగిన ఫిలిము ప్రయోగశాలకు పోయి, కడుగబడి, ప్రతియై వచ్చువరకు అందేమి పడినదో ఎవరికిని తెలియదు. దోషము బయటపడునప్పటికి సెట్టు విప్పివేయబడియుండవచ్చును. నటుడు వేరొక వేషములో నుండవచ్చును. ఒకే నటుని రెండు పాత్రలలో ఒకే దృశ్యమున చూపవలెనన్న, కటకములో సగము కప్పి చిత్రించి, ఫిలిమును వెనుకకు చుట్టి, రెండవ సగము కప్పి మరల చిత్రించుట ఒక పద్ధతి. ఆ నడుమ కెమేరా వెండ్రుకవాసి కదలరాదు. రామారావుగారు ఈ చిత్రమున కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు మువ్వురును తామే. నిర్మాతయు, దర్శకుడును తామే.

ఇంత త్వరలో పని నడచుటకు మూలము కెమేరాలో గాక, అంతకు ముందటి కాగితములలో నున్నదని మా తలంపు. సంభాషణలు వ్రాసినవారు కొండవీటి వేంకటకవిగారు: సంస్కృత పండితులు, పైగా హేతువాది. కుమారాస్త్రవిద్యా ప్రదర్శనములో కర్ణుని కులమడిగిన పెద్దలకు సుయోధనుడిచ్చు సమాధానము ఆ రెండు గుణములును కలిసిన కలమునకే సాధ్యము. చేతికి వచ్చిన మాట అంత గట్టిదైనప్పుడు సెట్టుపై తడబాటునకు తావెక్కడిది?

వేగమునకు చెల్లింపవలసిన మూల్యమును చెల్లింపకపోలేదు. యుద్ధఘట్టములలో సేనలు పలుచన. చిత్రించిన తెరలు తెరలుగానే కనబడును. కాని వేచియుండుటకు వ్యవధి లేదు. కృష్ణగారి ‘కురుక్షేత్రము’ కూడ సిద్ధమగుచుండెను. రెండు చిత్రములును 1977 జనవరి 14న, ఒకే సంక్రాంతికి, విడుదలయ్యెను.

తరువాతి కథ మావంటి ధ్వనివృత్తివారికి మరింత ప్రియమైనది. ఈ చిత్రపు సంభాషణలు గ్రామఫోను రికార్డులై, బొమ్మను విడిచి బయలుదేరినవి. పెండ్లిపందిళ్లలో, తిరునాళ్లలో మైకుసెట్లనుండి సుయోధనుని కంఠము వినబడెడిది. చిత్రము చూడని పిల్లలు సైతము ఊపిరి ఎక్కడ తీయవలెనో, ఎక్కడ ఆపవలెనో రికార్డు విని నేర్చి, వీథి అరుగులపై నిలిచి ఆ దీర్ఘసంభాషణను అప్పగించెడివారు.